సంక్రాంతి సెలవుల్లో వృద్ధాశ్రమం వెతికేవారికి: ముందు వీపు చూడండి

2025 జూన్‌లో నోయిడా సెక్టార్ 55లోని ఒక వృద్ధాశ్రమంలో అధికారులు సోదా చేస్తే, చేతులు కట్టేసి గదుల్లో పెట్టి తాళం వేసిన ముసలివాళ్లు బయటపడ్డారు. అక్కడి నుంచి విడిపించినవారు దాదాపు 40 మంది. ఎక్కడో ఉత్తరాదిలో కదా అనుకోకండి. 2019 జనవరిలో హైదరాబాద్ శివారు నాగారంలో పోలీసులు చూసింది కూడా అలాంటి దృశ్యమే.

ఈ సంగతి ఇప్పుడే ఎందుకంటే, డిసెంబరు చివర్లో విదేశాల నుంచి వచ్చిన పిల్లలు సంక్రాంతి దాటగానే విమానం ఎక్కాలి. ఆ కొద్ది రోజుల్లోనే ఆశ్రమం వెతకడం, చూడడం, అడ్వాన్సు కట్టడం, అమ్మనో నాన్ననో చేర్చడం అన్నీ అయిపోవాలి. మంచాన పడ్డవారి పుండ్లు కడిగి కట్టు కట్టే పనిమీద నేను ఇలాంటి చోట్లకు వెళ్తుంటాను. గదికి గాలి వస్తుందా, భోజనం రుచిగా ఉందా, తోట ఉందా అనేవి నేను చెప్పను. అవి మీకూ తెలుసు, ఆశ్రమం నడిపేవారికి ఇంకా బాగా తెలుసు.

నేను చూసిన కుటుంబాలను ముంచిన తప్పు ఒకటే. ముఖం చూసి నమ్మడం.

రోజూ వీడియో కాల్ వస్తుంది. తల దువ్వి, బొట్టు పెట్టి, ఉతికిన దుప్పటి మెడదాకా కప్పి ఉంటుంది. "బాగున్నావా అమ్మా?" అంటే "బాగున్నానురా" అంటుంది. ఆయా పక్కనే నిలబడి ఫోను పట్టుకుని ఉంటే ఇంకేమంటుంది? ఒకావిడ విషయంలో కొడుకు రోజూ ఇలాగే మాట్లాడేవాడు. నేను వెళ్లి దుప్పటి తీసేసరికి రెండు మడమలూ నల్లబడి, పెచ్చుకట్టి ఉన్నాయి. నడుము కింద వేసిన దూది చీముతో తడిసి చర్మానికి అంటుకుపోయింది. జడలో మల్లెపూలు మాత్రం ఆ పూటవే.

కాబట్టి వీపు చూడండి. కొడుకులకు ఇక్కడ మొహమాటం అడ్డొస్తుంది, తల్లి ఒళ్లు ఎలా చూస్తామని. భార్యనో చెల్లెలినో చూడమనండి. ఎవరూ లేకపోతే బయటి నర్సుకు డబ్బిచ్చి క్రమం తప్పకుండా పంపండి. ఆశ్రమం నర్సు కాదు, మీ నర్సు. చూడవలసిన చోట్లు: వెన్ను చివర, రెండు తుంటి ఎముకలు, మడమలు, చీలమండలు, మోచేతులు, తల వెనుక భాగం, చెవులు. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలితే రంగు తగ్గి మళ్లీ రావాలి. నొక్కినా మారకపోతే పుండు మొదలైనట్టే. చామనఛాయ ఒంటిమీద ఎరుపు సరిగా తెలియదు. చుట్టుపక్కల కంటే ముదురుగా, వెచ్చగా, గట్టిగా ఉందేమో తడిమి చూడాలి. పుండు పడడానికి కొన్ని గంటలు చాలు, మానడానికి నెలలు పడుతుంది.

చేర్చేముందు ఒక ప్రశ్న వేయండి: "మీ దగ్గర ఇప్పుడు ఎవరికైనా పడక పుండ్లు ఉన్నాయా?" "అసలు మా దగ్గర రావండీ" అన్నవారిని నేనైతే నమ్మను. "ఇద్దరికి ఉన్నాయి, ఆసుపత్రి నుంచి అలాగే వచ్చారు, రోజూ కట్టు మారుస్తున్నాం" అన్నవారితో మాట కొనసాగించవచ్చు. కదలలేనివారిని మామూలుగా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. తిప్పినట్టు రాసే చార్టు చూపించమనండి. నేను ఒకచోట ఉదయం 11 గంటలకు చూస్తే మధ్యాహ్నం 2, సాయంత్రం 4, రాత్రి 8 గడుల్లో అప్పటికే టిక్కులు పడి ఉన్నాయి. అన్నీ ఒకే పెన్ను, ఒకే చెయ్యి. ఎయిర్ బెడ్ (ఒకేచోట ఒత్తిడి పడకుండా పంపుతో గాలి నింపే పరుపు) ఉందంటే పంపు దగ్గర చెవి పెట్టండి. ప్లగ్గు తీసేసిన ఎయిర్ బెడ్ ఉన్నా లేనట్టే.

రాత్రి సంగతి వేరు. పగలు ఎంతమంది ఆయాలు ఉన్నారని అందరూ అడుగుతారు. రాత్రి 2 గంటలకు ఎంతమంది మేలుకుని ఉంటారు, ఎంతమంది మంచాన ఉన్నవారికి, అని అడగండి. 2023 జనవరి 1న ఢిల్లీ గ్రేటర్ కైలాష్‌లోని ఒక సంరక్షణ కేంద్రంలో తెల్లవారుజామున మంటలు రేగి ఇద్దరు వృద్ధురాళ్లు చనిపోయారు. లేవలేని మనిషిని పై అంతస్తు నుంచి ఎవరు, ఏ మెట్ల మీదుగా దించుతారో చూపించమనండి. నోటితో చెబితే చాలదు, మెట్లదాకా నడిపించి చూపించాలి.

మగతగా పడుకుని ఉంటే "పెద్దవయసు కదా" అన్న జవాబు ఒప్పుకోకండి. మందుల పెట్టె తెరవండి. క్వెటియాపిన్, ఒలాంజపైన్, లోరాజిపామ్ లాంటి మగత తెచ్చే మందులు కనిపిస్తే ఏ డాక్టరు, ఎందుకు, ఎప్పటి నుంచి అని చీటీ అడగండి. మతిమరుపు జబ్బున్న వృద్ధుల్లో క్వెటియాపిన్, ఒలాంజపైన్ రకం మందులు మరణ ముప్పు పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. గొడవ చేయకుండా పడి ఉండాలని ఇచ్చే మాత్ర వైద్యం కాదు. పైగా కదలకుండా పడుకున్న మనిషికే పుండు పడుతుంది.

మిగతావి ఒకదాని వెంట ఒకటి చెప్పేస్తాను.

చెప్పి వెళ్లకండి. ఆదివారం వెళ్లకండి, ఆ రోజు అన్నిచోట్లా బాగానే ఉంటుంది.

చేర్చిన రోజే బరువు తూయించి రాసుకోండి. ప్రతి నెలా తూయమనండి. తూకం యంత్రం లేదంటే వేరేచోటు చూసుకోండి.

చేర్చిన రోజు ఒంటి మీద ఉన్న ప్రతి మచ్చకూ ఫొటో తీయండి. లేకపోతే రేపు "ఇంటి నుంచే తెచ్చుకున్నారు" అంటారు.

యూరిన్ బ్యాగు నేలమీద ఆనకూడదు, నడుము కంటే పైకి ఎత్తకూడదు. అందులో రంగు ముదురుగా ఉంటే ముందుగా నీళ్లు పట్టడం లేదేమో అడగండి.

ముక్కు గొట్టంలో పాలు పోసేటప్పుడు మనిషి వెల్లకిలా ఉంటే అక్కడే ఆపించండి. తల ఎత్తి ఉంచాలి, పోసిన తర్వాత కూడా అరగంట తగ్గకుండా. లేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఇన్సులిన్ ఏ ఫ్రిజ్‌లో పెడతారో చూడండి. కరెంటు పోతే ఏమి చేస్తారో అడగండి.

ఏటీఎం కార్డు ఇవ్వకండి. ఖాళీ కాగితం మీద వేలిముద్ర వేయనివ్వకండి.

మణికట్లు చూడండి. గుడ్డతో కట్టినా గీత పడుతుంది.

ఫోనులో ఏకాంతంగా మాట్లాడనివ్వకపోతే సర్దుకుపోకండి.

వీడియో కాల్‌లో వీపు చూపించమని అడగండి. "ఇప్పుడే పడుకున్నారు" అంటే గంట తర్వాత మళ్లీ చేయండి. "ఇప్పుడే స్నానం చేయించాం" అంటే ఇంకా మంచిది, చూపించమనండి. ముఖం చాలు, చూశాం. వీపు.

కేకలు, దెబ్బలు, తాళాలు అనే అనుమానం వస్తే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోను చేయండి. దూరదేశంలో ఉంటే ఇక్కడి బంధువుతో చేయించండి.

పుండు కనిపిస్తే పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, అదే పూట బయటి డాక్టరుకు చూపించండి. యజమానితో మాట్లాడడం ఆ తర్వాత.