సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు జేబులో ఏముండాలి?

పోయిన పండక్కి రాత్రి 11 గంటలకి ఊళ్లో బస్సు దిగాం. తాతగారి ఇంటి తాళం కప్ప వానలకి తుప్పు పట్టి బిగుసుకుపోయింది. విసుగొచ్చి గట్టిగా తిప్పాను. చెవి సగం నా చేతిలో, సగం కప్పలో!

బ్యాగులో లాక్‌పిక్ సెట్ (చెవి లేకుండా తాళం తీసే పుల్లలు) ఉంది. ఆన్‌లైన్లో కొన్న 12 పుల్లలు, వాటి మీద నాకు బోలెడు గర్వం. ఒక్కటీ పనికి రాలేదు. అలాంటి సెట్లు లోపల పిన్నులుండే తాళాలకి. మన గుమ్మాలకి ఎక్కువగా వేలాడేవి లివర్ కప్పలు, అంటే లోపల పిన్నులకి బదులు లివర్లనే రేకులుండేవి. '6 లివర్లు', '7 లివర్లు' అని వాటి మీదే రాసుంటుంది. చివరికి పక్కింటి పిన్ని ఇచ్చిన ట్వీజర్స్‌తో విరిగిన ముక్క లాగి, ఆవిడ దగ్గరున్న డూప్లికేట్ చెవితో తీశాం.

అందుకని ఈసారి నా సంచీలో ట్వీజర్స్, చిన్న నోస్ ప్లేయర్, టెస్టర్, టార్చి, ఒక పెన్సిల్. పెన్సిల్ ఎందుకంటారా? మొన గీకి ఆ పొడి చెవికి రాసి, కప్పలో పెట్టి మెల్లగా అటూ ఇటూ కదపండి. కొబ్బరినూనె మాత్రం పోయొద్దు, దుమ్ముతో కలిసి జిగురైపోతుంది. అయినా తిరగకపోతే బలం వాడకండి, నాలాగే అవుతుంది.

లాక్‌పిక్‌లు ఇంట్లోనే వదిలేయండి. పండగ రోజుల్లో తాళం వేసిన ఇళ్ల మీద దొంగల కన్ను ఉంటుంది. ఊరెళ్తుంటే స్టేషన్లో చెప్పి వెళ్లమని పోలీసులే అంటారు, రాత్రి గస్తీ కూడా పెంచుతారు. అర్ధరాత్రి బస్టాండులో బ్యాగు విప్పి చూపించమంటే, "సరదాగా నేర్చుకుంటున్నా సార్" అన్న మాట ఎవరు నమ్ముతారు? నేర్చుకోవాలనుంటే పాత కప్ప మీద నేర్చుకోండి. వాడుతున్న వీధి తలుపు తాళం మీద వద్దు, పిన్ను ఇరుక్కుంటే తాళమే కోయించాల్సి రావచ్చు. అత్తయ్య బీరువా అయినా సరే, ఆవిడ పక్కన లేకుండా చెయ్యి పెట్టొద్దు.

విమానంలో వెళ్లేవాళ్లు పనిముట్లన్నీ చెక్-ఇన్ సామానులో వేయండి. కీచైన్‌కున్న బుల్లి చాకు సంగతి మర్చిపోయి, సెక్యూరిటీ దగ్గర చెత్తబుట్టలో పడేసి వచ్చాను.

సూట్‌కేస్ నంబర్ మర్చిపోతే టెన్షన్ పడక్కర్లేదు. మూడు చక్రాలంటే మొత్తం 1000 నంబర్లే. 000 నుంచి మొదలుపెట్టి ఒక్కోదానికి రెండు సెకన్లు పోయినా అరగంట పని. పిల్లలకిస్తే ఇంకా త్వరగా అవుతుంది.

నైట్ లాచ్ (తలుపు మూసుకోగానే దానంతటదే పడే తాళం) ఉన్న ఇల్లయితే పొద్దున ముగ్గు వేయడానికి వెళ్లేటప్పుడు కూడా చెవి కొంగున కట్టుకుని వెళ్లండి. గాలికి తలుపు దభాలున పడిందంటే లోపల పొయ్యి మీద పాలుంటాయి.