గేర్‌బాక్స్ ఆయిల్ కారుతోందా? ముందు పైపులు చూడండి

సమస్య: ఆటోమేటిక్ గేర్లున్న పాత కారు కింద, ముందు భాగంలో ఎర్రటి జిడ్డు మరక. గేరు వేశాక బండి కాస్త ఆలోచించి కదులుతుంది.

ఎరుపు కనిపించగానే గేర్‌బాక్స్‌ను నిందించకండి. చాలా కార్లలో పవర్ స్టీరింగ్ ఆయిల్ కూడా ఎర్రగానే ఉంటుంది. రెండింటి మట్టాలూ చూసి, తగ్గింది ఏదో తేల్చుకోండి.

కారణం: వేడెక్కిన గేర్‌బాక్స్ ఆయిల్‌ను రేడియేటర్‌కు చేర్చేది ఒక పైపు, చల్లబడ్డాక వెనక్కి తెచ్చేది మరొకటి. ఇనుప గొట్టాల మధ్య రబ్బరు ముక్కలుంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు గట్టిపడి పగులుతుంది. బురద పేరుకునే బిగింపుల దగ్గర ఇనుము తుప్పు పడుతుంది. చిక్కేమిటంటే, ఆయిల్ కారిన చోటే చుక్క పడదు. గొట్టం వెంట జారి ఎక్కడో కింద రాలుతుంది. నేనైతే ఒకసారి గేర్‌బాక్స్ అడుగున ఉండే ఆయిల్ పాన్ గాస్కెట్ (ఆయిల్ కారకుండా అంచున వేసే సీలు) మార్చేసి రెండు రోజులు సంబరపడ్డాను. కారుతున్నది దాని పైనున్న పైపు! కాబట్టి అంతా కడిగి, తుడిచి ఆరబెట్టి, పది నిమిషాలు ఇంజన్ నడిపి ఆపండి. అన్నిటికంటే ఎత్తులో తడిసిన చోటే అసలు దోషి. కారు కిందికి వెళ్లాల్సి వస్తే జాకీని నమ్ముకోవద్దు, స్టాండ్లు పెట్టండి.

పరిష్కారం: రబ్బరు ముక్క పాడైతే గేర్‌బాక్స్ ఆయిల్ కోసమే చేసిన హోస్ వేయండి. నీళ్ల హోస్ ఆ ఆయిల్‌కు ఉబ్బి మెత్తబడుతుంది. ఇనుప గొట్టం చివర ఉబ్బెత్తు అంచు లేకపోతే ఎంత మంచి క్లిప్పయినా ఒత్తిడికి జారుతుంది. రేడియేటర్ దగ్గరి నట్టు విప్పేటప్పుడు రెండు స్పానర్లు వాడండి: ఒకటి రేడియేటర్ వైపు ఫిట్టింగ్ తిరగకుండా పట్టడానికి, రెండోది నట్టుకు. లేదంటే రేడియేటర్‌కే ఎసరు. తుప్పు పట్టిన ఇనుప గొట్టానికి అతుకులు వద్దు, మొత్తం మార్చండి. రాగి గొట్టం సులువుగా వంగుతుంది కానీ, అదురుకు పగుళ్లిస్తుంది.

తర్వాత కంపెనీ పుస్తకంలో చెప్పిన రకం ఆయిల్‌నే పోసి, మట్టం కూడా అందులో చెప్పినట్టే చూడండి. చాలా కార్లలో ఆయిల్ వేడెక్కాక, ఇంజన్ నడుస్తుండగా చూడాలి. కొన్నింటిలో ఇంజన్ ఆపాక.

బయట ఎక్కడా తడి లేకుండా ఆయిల్ తగ్గుతూ, గేర్‌బాక్స్ ఆయిల్ గులాబీ రంగు పాలలా మారితే రేడియేటర్ లోపల ఈ ఆయిల్‌ను చల్లబరిచే కూలర్ చిల్లుపడి రేడియేటర్ నీళ్లు కలుస్తున్నట్టే. అప్పుడిక కారు నడపకండి.