ట్రాన్స్, నాన్-బైనరీ (ఆడ, మగ అనే రెంటిలో ఇమడని) వ్యక్తుల పోర్ట్రెయిట్ తీసే ముందు జాగ్రత్తలు

– ఏ పేరుతో పిలవాలో, అన్నా అనాలో అక్కా అనాలో ఫోన్‌లోనే అడిగేయండి. తన జెండర్ ఏదో చెప్పుకునే హక్కు ఆ మనిషిదేనని 2014లోనే నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) కేసు తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. ఐడీ కార్డు మీద పాత పేరు కనబడినా నోరు జారొద్దు.

– లైటింగ్ గురించి ముందే మాట్లాడుకోండి. పక్క నుంచి గట్టి లైటు పడితే దవడ గీత, షేవింగ్ నీడ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. కొందరికి అదే ఇష్టం, కొందరికి అదే టెన్షన్. మెత్తటి వెలుగు కావాలంటే కిటికీకి పల్చటి తెల్ల పరదా చాలు. రెండు రకాలుగా తీసి, కెమెరా స్క్రీన్ మీద చూపించి, వాళ్లనే తేల్చమనండి.

– “ఆడపిల్లలా నవ్వండి”, “మగాడిలా నిలబడండి” అనే పాత స్టూడియో డైలాగులు కట్టిపెట్టండి.

– ఫోన్‌తో తీస్తుంటే బ్యూటీ ఫిల్టర్ ఆపేయండి. అడగకుండానే ముఖం మార్చేస్తుంది.

– బట్టలు మార్చుకోవడానికి గడియ పడే గది ఉండాలి.

– అన్నిటికన్నా ముఖ్యం అనుమతి. ఫొటో ఎక్కడెక్కడ వాడతారో తెలుగులో రాసి సంతకం తీసుకోండి. తమ జెండర్ గురించి ఇంట్లో ఇంకా చెప్పనివాళ్లు ఉంటారు. షోకేసులో పెట్టాలన్నా, ఇన్‌స్టాలో వేయాలన్నా మళ్లీ అడగాల్సిందే. ఫైల్‌లో లొకేషన్ వివరాలు తీసేశాకే పంపండి.