విజువల్ లెర్నరా, ఆడిటరీ లెర్నరా సంగతి తర్వాత, ముందు పుస్తకం మూయండి

"మావాడు విజువల్ లెర్నర్ అండీ, పుస్తకం ఇస్తే ఎక్కదు, వీడియో చూస్తేనే ఎక్కుతుంది." ఈ మాట ఈమధ్య పేరెంట్స్ మీటింగుల్లో బాగా వినిపిస్తోంది. ఆన్‌లైన్‌లో క్విజ్ ఒకటి చేయించడం, వచ్చిన ముద్ర పిల్లాడి మీద వేసేయడం, ఇక చదవకపోవడానికి వాడికి అదే సాకు.

చూసి నేర్చుకునేవాళ్లు, విని నేర్చుకునేవాళ్లు, చదివి రాసి నేర్చుకునేవాళ్లు, చేసి నేర్చుకునేవాళ్లు అనే విభజనను 1992లో ప్రచారంలోకి తెచ్చింది న్యూజిలాండ్‌కు చెందిన నీల్ ఫ్లెమింగ్. 2008లో నలుగురు అమెరికన్ సైకాలజిస్టులు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలు తిరగేసి, ఎవరి స్టైల్‌లో వాళ్లకు చెబితే ఎక్కువ నేర్చుకుంటారనడానికి సరైన ఆధారం లేదని తేల్చారు. ఇష్టాలు ఉండవని కాదు, ఉంటాయి. నాకూ బొమ్మలుంటేనే చదవబుద్ధేస్తుంది. కానీ పద్ధతిని నిర్ణయించాల్సింది పాఠమే. గుండె బొమ్మ ఎవరైనా చూసి గీయాల్సిందే, పద్యం ఎవరైనా పైకి చదవాల్సిందే, కెమిస్ట్రీ ల్యాబ్‌లో టైట్రేషన్ ఎవరైనా బ్యూరెట్ పట్టుకుని చేయాల్సిందే. (బోర్డు కనబడటం లేదన్నా, అక్షరాలు తారుమారుగా చదువుతున్నా అది స్టైల్ కాదు, డాక్టర్‌కు చూపించాల్సిన విషయం.)

మరి ఏం చేయాలి? పాఠం ఒకసారి అర్థం చేసుకుంటూ చదివి, పుస్తకం మూసేసి, తెల్లకాగితం మీద గుర్తున్నదంతా రాయండి. ఇంతే. పాతకాలం మాస్టార్లు మర్నాడు పొద్దున్నే పాఠం అప్పజెప్పించుకునేవారు కదా, అదే పని ఇప్పుడు మీకు మీరే చేసుకోవడం. రోడిగర్, కార్పికె అనే ఇద్దరు సైకాలజిస్టులు 2006లో ప్రచురించిన ప్రయోగంలో కాలేజీ విద్యార్థులు కొందరు ఒక పాఠ్యభాగాన్ని రెండుసార్లు చదివారు, కొందరు ఒకసారి చదివి, తర్వాత చూడకుండా రాశారు. 5 నిమిషాలకే పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవాళ్లదే పైచేయి, 81 శాతం గుర్తుంది, రాసినవాళ్లకు 75. వారం తర్వాత పెడితే చదివినవాళ్లు 42కి పడిపోయారు, రాసినవాళ్లు 56 దగ్గర నిలబడ్డారు. రాత్రి చదివినప్పుడు అంతా వచ్చినట్టే ఉండి, పరీక్ష హాల్లో బ్లాంక్ అయిపోవడం వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

గుండెలో రక్తప్రసరణనే తీసుకోండి. శరీరం నుంచి కుడి కర్ణిక, అక్కణ్ణుంచి కుడి జఠరిక, అక్కణ్ణుంచి పుపుస ధమని ద్వారా ఊపిరితిత్తులకు... ఇక్కడ పెన్ను ఆగుతుంది. తిరిగొచ్చేది ధమనిలోనా, సిరలోనా? ధమని అంటే మంచి రక్తం అని బట్టీ పట్టినవాళ్లు సరిగ్గా ఇక్కడే దెబ్బతింటారు, ఎందుకంటే పుపుస ధమనిలో వెళ్లేది ఆక్సిజన్ తక్కువున్న రక్తం, పుపుస సిరలో తిరిగొచ్చేదే ఆక్సిజన్ నిండినది. పుస్తకం ఎదురుగా ఉంటే ఈ వాక్యం మీద కళ్లు జర్రున జారిపోతాయి, తెల్లకాగితం మీద మాత్రం మీకేది రాదో తెలిసిపోతుంది. అప్పుడు పుస్తకం తెరిచి, ఆగిన చోటును ఎర్రపెన్నుతో దిద్దుకోండి. మళ్లీ చదవాల్సింది ఆ ముక్కే, చాప్టరంతా కాదు.

ఇదే పాఠాన్ని రెండు రోజులాగి ఒకసారి, వారం ఆగి ఒకసారి, నెల ఆగి ఒకసారి చూడకుండా రాయండి. సగం మర్చిపోయి, తల గోక్కుని గుర్తుచేసుకోవాల్సి రావడం మంచిదే. అబ్బా, మర్చిపోయానే అని టెన్షన్ పడొద్దు.

లెక్కల్లో ఇంకో చిక్కుంది. ఇంటిగ్రేషన్‌లో ఒక ఎక్సర్‌సైజ్ మొత్తం సబ్‌స్టిట్యూషన్ మీదే ఉంటుంది, తర్వాతది బై పార్ట్స్ మీదే ఉంటుంది కాబట్టి ఏ పద్ధతి వాడాలో ముందే తెలిసిపోతుంది, చకచకా చేసేస్తాం. పరీక్షలో ఆ హెడ్డింగ్ ఉండదు. ఎక్స్ ఇంటూ ఈ పవర్ ఎక్స్ ఇస్తే బై పార్ట్స్, ఎక్స్ ఇంటూ ఈ పవర్ ఎక్స్ స్క్వేర్ ఇస్తే సబ్‌స్టిట్యూషన్, చూడ్డానికి మాత్రం రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. అందుకని పద్ధతులన్నీ ఒకసారి వచ్చాక, నాలుగైదు ఎక్సర్‌సైజుల నుంచి తలా రెండు లెక్కలు ఏరి కలిపి చేయండి. నెమ్మదిగా సాగుతుంది, చిరాకేస్తుంది, అయినా చేయండి. ఎప్‌సెట్ ఇంజినీరింగ్ పేపర్లో 3 గంటల్లో 160 ప్రశ్నలు, అందులో 80 మ్యాథ్సే, అక్కడ ఏ దారి పట్టాలో ఆలోచిస్తూ కూర్చునే టైమ్ ఉండదు.

వారం టెస్టు పేపర్ రాగానే మార్కులు చూసి పక్కన పడేయకుండా, తప్పుల కోసం ఓ చిన్న నోట్‌బుక్ పెట్టండి. తెలియక పోయిందా, ప్రశ్న సరిగ్గా చదవక పోయిందా, ప్లస్ మైనస్ దగ్గర పోయిందా, ఒక్క ముక్క రాస్తే చాలు. రెండోదీ మూడోదీ ఎక్కువుంటే ఇంకో మెటీరియల్ కొనడం దండగ.

హైలైటర్ ఇష్టమైతే వాడుకోండి, కానీ అదే చదువు అనుకోవద్దు. పది రకాల చదివే పద్ధతులను పోల్చిన 2013 నాటి సమీక్షలో గీతలు గీయడం, చదివిందే చదవడం తక్కువ ఉపయోగమున్న వాటిలో చేరాయి, మనల్ని మనం పరీక్షించుకోవడం, రోజులు వదిలి మళ్లీ చూడటం పైన నిలిచాయి. ఫోన్ పక్క గదిలో పెట్టాలని మీకు తెలుసు, రాత్రి నిద్ర పోవాలనీ తెలుసు.

తల్లిదండ్రులకు సబ్జెక్ట్ రాకపోయినా ఫర్లేదు. వంట చేస్తూనో, బండి మీద కాలేజీకి దించుతూనో, "నిన్న ఏం చెప్పార్రా, నాకు అర్థమయ్యేలా చెప్పు" అనండి. మధ్యలో తడబడితే వెంటనే అందించకండి, తిట్టకండి, కాసేపు ఆగండి. అయినా రాకపోతే ఇంటికెళ్లాక ఆ ముక్క చూసుకోమని, రెండు రోజుల తర్వాత మళ్లీ అదే అడగండి.