టెన్నిస్‌లో సంచలనాన్ని తూచడం ఎలా?

పేరున్న ఆటగాడు ఊరూపేరూ తెలియని వాడి చేతిలో ఓడిపోయిన మర్నాడు పత్రికల క్రీడా పేజీలో ‘పెను సంచలనం’ అనే శీర్షిక తప్పదు. నెల్లూరు ట్రంకురోడ్డు టీకొట్టు దగ్గరా, ఒంగోలు బస్టాండు దగ్గరా ఆ మాటే తిరుగుతుంది. వాటిలో సగానికి ఆ మాట తగదని నా అభిప్రాయం. ఏ ఓటమి నిజంగా సంచలనమో, ఏ జోడీ మధ్య ఉన్నది నిజమైన పోటీయో తేల్చుకోవడానికి, టీవీ ముందు కూర్చునే మనవంటి వారికి పనికొచ్చే పద్ధతి ఒకటి చెబుతాను.

మొదట ర్యాంకును పక్కన పెట్టండి. ర్యాంకు అనేది గడచిన 52 వారాల్లో అన్ని రకాల కోర్టుల మీదా సంపాదించిన పాయింట్ల మొత్తమే తప్ప, ఆ రోజు ఆ కోర్టు మీద ఎవరు మేటి అన్నది చెప్పదు. 2012 వింబుల్డన్ రెండో రౌండ్‌లో 100వ ర్యాంకర్ లుకాస్ రసోల్ నాదల్‌ను ఐదు సెట్లలో ఓడించినప్పుడు లోకం నివ్వెరపోయింది. అయితే అది పచ్చిక కోర్టు. బంతి నేలబారుగా జారిపోయే చోట బలమైన సర్వీసు ఉన్నవాడికి సగం పని అయిపోతుంది, నాదల్ టాప్‌స్పిన్‌కు, అంటే బంతి ముందుకు గిరగిరా తిరిగి నేల తాకగానే ఎగిరేలా కొట్టే దెబ్బకు, మట్టి మీద ఉన్న ఎగురు ఉండదు. పైగా నాలుగో సెట్ తరువాత ఆట ఆపి పైకప్పు మూసి, ఐదో సెట్ ఆడించారు. రసోల్ తరువాతి రౌండ్‌లోనే కోల్‌ష్రైబర్ చేతిలో వరుస సెట్లలో ఓడాడు.

దానికన్నా మూడేళ్ల ముందు, 2009 ఫ్రెంచ్ ఓపెన్ ప్రీక్వార్టర్స్‌లో, రాబిన్ సోడర్లింగ్ అదే నాదల్‌ను ఓడించాడు. అతను 23వ సీడ్, అంటే టోర్నీలో బలం లెక్కన 23వ స్థానం ఇచ్చిన ఆటగాడు. అంటే ర్యాంకుల లెక్కన చూస్తే ఇది చిన్న సంచలనం. కానీ అక్కడివి మట్టి కోర్టులు, నాదల్ అక్కడ వరుసగా నాలుగు టైటిళ్లు గెలిచి, ఆడిన 31 మ్యాచ్‌లలో ఒక్కటీ ఓడలేదు. కొన్ని వారాల ముందే రోమ్‌లో సోడర్లింగ్‌ను 6-1, 6-0తో చిత్తు చేశాడు. ఆ మ్యాచ్ దొరికితే బంతిని కాదు, సోడర్లింగ్ పాదాలను చూడండి. నాదల్ ఫోర్‌హ్యాండ్ భుజం ఎత్తుకు లేస్తుంటే మిగతావారు వెనక్కి జరిగేవారు. ఈ పొడగరి మాత్రం బేస్‌లైన్‌ను (కోర్టు వెనక గీతను) వదలకుండా ముందుకు అడుగువేసి, ఎత్తులో ఉన్న బంతిని బల్లపరుపుగా బాదాడు. తరువాత ఫైనల్ దాకా వెళ్లాడు, మరుసటి ఏడాది అదే టోర్నీలో డిఫెండింగ్ ఛాంపియన్ ఫెదరర్‌ను ఇంటికి పంపాడు. నా తూకంలో రసోల్ గెలుపు దీని దరిదాపుల్లోకి కూడా రాదు.

కాబట్టి వరుసగా అడగవలసినవి ఇవి: ఏ కోర్టు, మూడు సెట్ల ఆటా ఐదు సెట్ల ఆటా, ఓడినవాడు గాయంతో ఆడాడా, గెలిచినవాడు పథకంతో గెలిచాడా లేక ఆ రోజు కొట్టిందల్లా గీత లోపల పడిందా, తరువాత ఏం చేశాడు. మూడు సెట్ల ఆటలో ఓటమికి నేను సగం బరువే ఇస్తాను. సంచలనాలు ఎక్కువగా తొలి రౌండ్లలోనే జరుగుతాయి కనుక ఫైనల్ కోసం ఎదురుచూడకుండా మొదటి వారం చూడాలి. ఫ్రెంచ్ ఓపెన్ ఆటలు మనకు మధ్యాహ్నం రెండున్నరకు మొదలవుతాయి. రోహిణి కార్తెలో నెల్లూరులో ఆ వేళకు బయట చేసే పని ఎలాగూ ఏమీ ఉండదు.

ఇక పోటీల సంగతి. ముఖాముఖి లెక్క చూసి తీర్పు చెప్పేవారిని నమ్మకండి. మన ప్రకాశం జిల్లా బండలాగుడు పందేలలో ఫలానా జత ఇన్ని అడుగులు లాగిందని చెబితే, ఏ పళ్ల విభాగం (ఎద్దు వయసును పళ్లను బట్టి లెక్కిస్తారు), బండ బరువెంత అని అడగనిదే ఎవరూ తల ఊపరు, ఇక్కడా అంతే. నాదల్ 24–16తో ఫెదరర్ మీద పైచేయి సాధించాడన్నది నిజమే, కానీ మట్టి మీది 14–2ను తీసేస్తే ఫెదరరే 14–10తో ముందున్నాడు. రష్యా ఆటగాడు దవిదెంకో నాదల్ మీద 6–5తో ముందున్నాడని ఎంతమందికి తెలుసు? అందులో హార్డ్ కోర్టు మీద 6–1, మట్టి మీద 0–4.

నిజమైన పోటీకి నా గుర్తు ఒక్కటే: ఒకరి వల్ల మరొకరు తమ ఆటను మార్చుకోవాలి. ఏళ్ల తరబడి నాదల్ ఎత్తైన బంతులకు ఇబ్బంది పడిన ఫెదరర్ ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్, పెద్ద తల రాకెట్‌తో, బంతి లేస్తుండగానే కొట్టడం మొదలుపెట్టింది. 2017 ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్ ఐదో సెట్‌లో 1–3తో వెనకబడి కూడా అతను గెలిచింది ఆ బ్యాక్‌హ్యాండ్ ఆసరాతోనే. అయినా ఈ జోడీని మించినది జకోవిచ్, నాదల్ జోడీ అంటాను. 60 మ్యాచ్‌లలో 31–29 తేడాతో ముగిసిన ఆ పోరులో ఒకరి మందుకు మరొకరు విరుగుడు కనిపెడుతూనే పోయారు. ఫెదరర్ అభిమానులు ఒప్పుకోరని తెలుసు.

ఈ కొలతను ఇప్పటి ఆటగాళ్ల మీద పరీక్షించాలనుకుంటే 2025ను తీసుకోండి. ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్‌లో మూడు ఛాంపియన్‌షిప్ పాయింట్లు (ఒక్కటి పోయినా టైటిల్ పోయేవి) కాచుకొని అల్కరాస్ సిన్నర్ మీద 5 గంటల 29 నిమిషాల్లో గెలిచాడు. ఐదు వారాలకే వింబుల్డన్‌లో సిన్నర్ బదులు తీర్చుకున్నాడు. అమెరికా ఓపెన్ ఫైనల్‌లో అల్కరాస్ చేతిలో మళ్లీ ఓడిన తరువాత, తన ఆటను ఎదుటివాడు ముందే పసిగట్టగలుగుతున్నాడని, మార్పు తప్పదని సిన్నర్ తానే చెప్పాడు. ఆ నవంబరులో ట్యూరిన్‌లో జరిగిన ఏడాది ముగింపు టోర్నీ ఫైనల్‌లో అల్కరాస్‌ను వరుస సెట్లలో ఓడించాడు. అమెరికా ఓపెన్, ట్యూరిన్ మ్యాచ్‌లు రెండింటినీ పక్కపక్కన పెట్టి, సిన్నర్ సర్వీసు ఎక్కడ పడుతోందో, అతను ఎన్నిసార్లు నెట్ వైపు వస్తున్నాడో కాగితం మీద గీతలు పెట్టి లెక్క చూడండి.