మూలం దొరకని మెలనోమా: వెతకవలసిన తీరు

గజ్జల్లోనో చంకలోనో గడ్డ కనిపించి, ముక్క పరీక్షలో (బయాప్సీలో) మెలనోమా, అంటే చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్, అని తేలి, ఒంటి మీద మాత్రం ఏ మచ్చా కనబడకపోతే రిపోర్టు తప్పని తీర్మానించకూడదు. మెలనోమా కేసుల్లో సుమారు 3 శాతం ఇలాగే బయటపడతాయి. చర్మం మీది తొలి మచ్చను రోగనిరోధక శక్తే చెరిపివేసి ఉంటుందని, ఆలోపే కొన్ని కణాలు గజ్జలు, చంకల వంటి చోట్ల ఉండే లింఫు గ్రంథికి చేరి గడ్డ కట్టి ఉంటాయని వైద్యులు భావిస్తారు. రిపోర్టులో ఆ కణాలు మెలనోమావేనా అని నిర్ధారించే ఎస్-100, సాక్స్-10, హెచ్‌ఎంబీ-45 వంటి పరీక్షల ప్రస్తావన లేకపోతే, అవి అవసరమా అని డాక్టరును అడగాలి. మొదటి ముక్కను మైనంలో భద్రపరచిన పారాఫిన్ బ్లాకు వాటికి సరిపోతే మళ్లీ కోయవలసిన పని ఉండదు.

వెతుకులాట జ్ఞాపకంతో మొదలుకావాలి. ఎప్పుడో పులిపిరి అనుకుని సున్నం పెట్టి కాల్చుకున్నది, బ్యూటీ పార్లరులో తీయించుకున్నది, దానంతటదే వెలిసిపోయిన పుట్టుమచ్చ, ఒకప్పుడు నల్లబడి ఊడిన గోరు: ఇవన్నీ ఇంట్లో పెద్దవాళ్లను కూడా అడిగి కాగితం మీద రాసుకుని వెళ్లాలి. నా దృష్టిలో స్కాన్ల కన్నా ముందు కావలసింది ఈ కాగితమే.

చర్మవైద్యుని దగ్గరకు వెళ్లేముందు గోళ్లరంగు తుడిచి, మెట్టెలు తీసి, పాదాలకున్న పసుపు, పారాణి కడుక్కోవాలి. గోళ్లకు గోరింటాకు పండి ఉంటే ఆ సంగతి ముందే చెప్పాలి. మన వాళ్లలో మెలనోమా అరికాళ్లలో, గోళ్ల కింద, నోటిలో పుట్టడం అరుదు కాదు కనుక, చెప్పుల్లేకుండా మిరపచేలో తిరిగే రైతు కాలిలో ముల్లు గుచ్చుకున్న మచ్చ అని వదిలేసినదాన్ని కూడా చూపించాలి. గజ్జల్లో గడ్డ అయితే కాళ్లు, జననేంద్రియాలు, మలద్వారం; మెడలో అయితే తలమాడు, చెవుల వెనుక, నోరు, ముక్కు మరింత జాగ్రత్తగా చూస్తారు. మెలనోమా కంటిలోనూ పుట్టవచ్చు కనుక కంటి పరీక్ష సంగతి కూడా అడగాలి.

ఆపైన వ్యాధి ఎక్కడెక్కడ ఉందో చూసే పెట్-సీటీ స్కాన్, మెదడుకు ఎమ్మారై, మందుల ఎంపికకు పనికొచ్చే బీరాఫ్ జన్యు పరీక్ష ఉంటాయి. మూలం దొరకలేదని చికిత్సను వాయిదా వేయకూడదు. వ్యాధి గ్రంథులకే పరిమితమైతే మూడో దశగా, ఊపిరితిత్తులు, కాలేయం వంటి అవయవాలకు చేరితే నాలుగో దశగా లెక్కిస్తారు. శస్త్రచికిత్స, ఇమ్యునోథెరపీ (రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందుల చికిత్స) నిర్ణయాలు దాన్నిబట్టే ఉంటాయి. ఇమ్యునోథెరపీ మందులు చాలా ఖరీదైనవి కాబట్టి, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఆరోగ్య పథకమైన ఎన్టీఆర్ వైద్య సేవలో ఏది వర్తిస్తుందో ఆసుపత్రిలోని వైద్యమిత్రను చికిత్సకు ముందే అడగాలి. చికిత్స ముగిశాక కూడా డాక్టరు చెప్పిన గడువుల్లో ఒళ్లంతా మళ్లీ చూపించుకోవాలి. ఇప్పుడు కనబడని మచ్చ తర్వాతెప్పుడైనా తేలవచ్చు.