కమ్యూనిటీ హాలుకు మొజాయిక్ వేయాలంటే బొమ్మ తర్వాత, ముందు గోడ చూడండి

చిన్న చిన్న టైల్ ముక్కలు అతికించి గోడ మీద బొమ్మ తీర్చడమే మొజాయిక్. అది వేద్దాం అనుకోగానే అందరం చేసే మొదటి పని, కమిటీ వేసుకుని ఏ బొమ్మ పెట్టాలా అని వాదించుకోవడం. పక్షా, చెట్టా, చేతులు పట్టుకున్న పిల్లలా అని రెండు మీటింగులు దాని మీదే కరిగిపోతాయి. ఆ గొడవ కాసేపు పక్కన పెట్టి గోడ దగ్గరికి వెళ్లండి. చేతిలో స్క్రూడ్రైవర్ ఉంటే చాలు. దాని పిడితో జానెడు జానెడు దూరంలో గోడంతా కొట్టుకుంటూ పోతే, ప్లాస్టరింగ్ లోపల వదిలేసిన చోట డొల్లగా మోగుతుంది. అక్కడ పాత పూత కొట్టేసి కొత్తది వేయించాల్సిందే, లేదంటే మీ బొమ్మ కూడా ఆ పెచ్చుతో పాటే ఊడి కింద పడుతుంది. గోడ అడుగున తెల్లగా ఉప్పు తేలిందంటే చెమ్మ ఎక్కుతోందన్నమాట, ముందు దాని సంగతి చూడాలి. పెయింట్ ఉంటే గీకేయాలి. కొత్త కాంక్రీటు అయితే 28 రోజులు ఆగాలి. భవనంలో ఎక్స్‌పాన్షన్ జాయింట్ (భవనం కదలడానికి కావాలని వదిలిన సందు) ఉంటే దాని మీదుగా మాత్రం టైల్స్ అతికించకండి, అది కదిలినప్పుడల్లా ముక్కలు చిట్లుతూనే ఉంటాయి.

బరువు కూడా లెక్కేసుకోండి. 4 మిల్లీమీటర్ల మందం ఉన్న గాజు టైల్స్ చదరపు మీటరుకు దాదాపు 10 కిలోలు, జిగురు, గ్రౌట్ (టైల్స్ మధ్య సందుల్లో నింపే ముద్ద) దానికి అదనం. మందపాటి సిరామిక్ అయితే అంతకు రెట్టింపు దాకా పోతుంది. ఇటుక గోడకు ఇదేం పెద్ద బరువు కాదు గానీ, జిప్సం బోర్డు పార్టిషన్ అయితే ఇంజనీరుని అడగకుండా చేయి పెట్టొద్దు.

అనుమతి నోటిమాటగా తీసుకోకండి. ముక్కలు ఊడితే ఎవరు బాగుచేస్తారు, రేపు గోడ కూల్చాల్సి వస్తే ఎవరికి ముందుగా చెప్తారు, ఈ రెండూ కాగితం మీద ఉండాలి.

ఇప్పుడు నా మటుకు నాకు అన్నిటికంటే ముఖ్యమైన పని: 30 సెంటీమీటర్ల చదరంలో ఒక శాంపిల్ ముక్క పూర్తిగా చేయండి, గ్రౌట్‌తో సహా. పని ఎప్పుడూ చేయని ఇద్దరికి ఇచ్చి, ఎన్ని గంటలు పట్టిందో రాసుకోండి. చదరపు మీటరుకు అలాంటివి 11 పడతాయి కాబట్టి మీ గోడకు ఎన్నాళ్లు పడుతుందో అక్కడే తేలిపోతుంది. 2 సెంటీమీటర్ల టైల్స్‌ని 2 మిల్లీమీటర్ల సందుతో పేరిస్తే చదరపు మీటరుకు 2,066 ముక్కలు. ఈ అంకె చూశాక చాలా కమిటీలు గోడ సైజు సగానికి తగ్గించుకుంటాయి, అందులో తప్పేం లేదు. గ్రౌట్ రంగు కూడా ఆ శాంపిల్ మీదే తేల్చుకోండి. తెల్ల గ్రౌట్ పడితే రంగులు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి, అదే బూడిద రంగు వేస్తే ఒక్కసారిగా పైకి లేస్తాయి.

బొమ్మ సంగతికి వస్తే, ముక్క సైజుని బట్టే గీత. 2 సెంటీమీటర్ల టైల్స్‌తో 30 సెంటీమీటర్ల వెడల్పు ముఖం వేస్తే అడ్డంగా 13, 14 ముక్కలే పడతాయి, కన్ను అంటే ఒకే ఒక ముక్క! కాబట్టి ముఖాలు మానేయండి, లేదా బొమ్మ బాగా పెంచండి. అందరి ఆలోచనలూ వినండి గానీ డిజైన్ ఒకరిద్దరి చేతిలోనే ఉంచండి. శాన్‌ఫ్రాన్సిస్కోలో 16వ అవెన్యూ మెట్లకు 2005లో ఇలాగే చేశారు. 163 మెట్లు, మెట్టుకో ప్యానెల్, చుట్టుపక్కల వాళ్లు 300 మందికి పైగా చేయి వేశారు, డిజైన్ మాత్రం ఇద్దరు కళాకారులదే.

ఎక్కువమందితో చేసేటప్పుడు గోడెక్కి నేరుగా అతికించడం కంటే, బల్ల మీద వలలా ఉండే ఫైబర్ మెష్‌కి అతికించి తర్వాత గోడకు ఎక్కించడం తేలిక. అసలు సైజు డ్రాయింగ్ పరిచి, దాని మీద ప్లాస్టిక్ షీటు, ఆపైన మెష్. మొదటిసారి మేం ఆ ప్లాస్టిక్ మర్చిపోయాం. మర్నాడు పొద్దున లేపబోతే కాగితం, మెష్, టైల్స్ అన్నీ కలిసి ఒకే అట్ట, ఆ కాగితం తడిపి గోళ్లతో గీక్కోవడానికి రోజంతా పట్టింది. జిగురు చిన్న చుక్క చాలు, వెనకంతా పులిమేస్తే గోడ మీది అడెసివ్‌కి పట్టు దొరకదు. గోడ బయటిదైతే నీళ్లకు కరగని జిగురే వాడాలి. మెష్‌ని గళ్లుగళ్లుగా కాకుండా బొమ్మ అంచుల వెంబడే కోయండి, అతుకు కనబడదు. కోసిన ప్రతి మెష్ ముక్కకీ నంబరు, పైకి ఏ వైపో చూపే బాణం.

టైల్స్ కోయడం అందరికీ ఇవ్వొద్దు. నిప్పర్ (టైల్స్ కొరికే పటకారు) నోట్లోకి టైల్‌ని సగం దాకా తోసి నొక్కితే నుజ్జయిపోతుంది. అంచు రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రం కరిపించి నొక్కండి, టక్కున చీలి, చీలిక మీరు పట్టిన దిశలోనే పోతుంది. కళ్లలో ముక్కలు పడకుండా రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి, ఊడ్చే ముందు నేల తడపండి. పిల్లలకి అంచులు రుద్దేసిన ముక్కలిచ్చి అతికించడం వరకే అప్పగించండి.

అందరి ఇళ్లలో మిగిలిన టైల్స్ పోగుచేయడం బాగానే ఉంటుంది గానీ మందాలు తేడాగా ఉంటాయి, చేయి పెడితే గుచ్చుకునే ఎత్తుపల్లాలు వస్తాయి. బయటి గోడకు నీళ్లు పీల్చే వాల్ టైల్స్ వద్దు, పోర్సిలిన్ గానీ గాజు గానీ మేలు. అద్దం ముక్కలకు బయట వెనక పూత నల్లబడుతుంది.

గోడకు ఎక్కించేటప్పుడు తాపీ మేస్త్రీని పిలవండి, ఇక్కడ పొదుపు చేయొద్దు. సందులు 3 మిల్లీమీటర్లు దాటితే ఇసుక కలిసిన గ్రౌట్, లోపైతే ఇసుక లేనిది. గ్రౌట్ మండుటెండలో వేయకండి, తుడిచేలోపే పట్టేస్తుంది. స్పాంజి బాగా పిండి తుడవాలి, నీళ్లు ఓడుతుంటే సందుల్లోది కూడా వచ్చేస్తుంది.

ప్రతి రంగులో పదో వంతు టైల్స్ ఎక్కువ కొని, మిగిలినవి డబ్బాలో పెట్టి హాలులోనే ఉంచండి. గ్రౌట్ పేరు, రంగు నంబరు లోపల చీటీ మీద రాయండి, డబ్బా మీద మాత్రం పెద్ద అక్షరాలతో ‘పారేయొద్దు’ అని రాయండి. మాది పారేశారు.